మునిగే ముందు గబగబా గాలి పీలిస్తే నీళ్లలో ఎక్కువసేపు ఉండొచ్చా?

ప్రశ్న: మాది పి.గన్నవరం దగ్గర కాలువ గట్టు మీద ఉన్న ఊరు. మా అబ్బాయి ఇంటర్ రెండో సంవత్సరం బైపీసీ చదువుతున్నాడు. సెలవులొస్తే చాలు, స్నేహితులతో కలిసి రేవులో ఈతకు పోతాడు. ఈ మధ్య నీళ్లలో ఎవరు ఎక్కువసేపు ఊపిరి బిగబట్టి ఉంటారో అని పందేలు కాస్తున్నారు. మునిగే ముందు ఇరవై ముప్పై సార్లు గబగబా గాలి పీల్చి వదులుతున్నారు. అలా చేస్తే ఒంట్లో ఆక్సిజన్ నిండుతుందట. తల తేలిపోయినట్టు, వేళ్లు జివ్వుమన్నట్టు ఉంటే ఆక్సిజన్ బాగా పట్టిందని గుర్తట. భయమేసి వద్దంటే, "అమ్మా, నేను చదివేదే అది, నీకేం తెలుసు" అంటాడు. నీటికుక్కలు, డాల్ఫిన్లు కూడా మనలాంటి క్షీరదాలే కదా, అవి ఉండగా లేనిది మనం ఎందుకు ఉండలేం అని వాదిస్తాడు. వాడు చెప్పేది నిజమేనా? ఇంకొకటి, వాడికి చిన్నప్పుడు ఆయాసం వచ్చేది. అసలు ఈతే మాన్పించమంటారా?

సమాధానం: అమ్మా, మీరు భయపడటంలో తప్పు లేదు. ముందు చెప్పాల్సింది చెప్పేస్తాను. మునిగే ముందు అలా గబగబా పీల్చి వదలడం ఈరోజు నుంచే ఆపించండి. ఈత మాత్రం మాన్పించొద్దు. గోదావరి పాయల మధ్య పుట్టిన పిల్లాడికి ఈత రావాలి, రాకపోతేనే ప్రమాదం. పందెం కోసం నీళ్లలో ఊపిరి బిగబట్టడం మాత్రం వేరే సంగతి. ఈత రానివాళ్లు దాని జోలికే పోరు. బాగా ఈదగలిగిన కుర్రాళ్లే దానికి బలవుతారు. అందుకే ఈ జవాబు కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

మీ మాట వాడు వినకపోవడానికి మొండితనం ఒక్కటే కారణం కాదు. వాడి దగ్గర ఒక లెక్క ఉంది, చదువుకుని వేసిన లెక్క. అందులో పొరపాటు ఎక్కడుందో చూపిస్తే తప్ప "వద్దు" అన్న మాట వాడి చెవికెక్కదు. కాబట్టి ఇక్కడి నుంచి కొంతవరకు నేరుగా వాడితోనే మాట్లాడతాను. పక్కన కూర్చోబెట్టుకుని చదివించండి.

బాబూ, నువ్వు చదివిన పాఠం తప్పు కాదు. దాన్ని మొదటి నుంచి ఒకసారి చూద్దాం.

ఊపిరితిత్తులు తమంతట తాము గాలి లాగలేవు. ఆ పని పక్కటెముకల మధ్య కండరాలు, ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డంగా ఉండే ఉదరవితానం చేస్తాయి. ఉదరవితానం బిగుసుకుని కిందికి దిగుతుంది, పక్కటెముకలు పైకీ ముందుకీ లేస్తాయి. ఛాతీలో చోటు పెరిగి, లోపలి ఒత్తిడి బయటి గాలి కన్నా రవ్వంత తగ్గుతుంది. ఆ కాస్త తేడాకే గాలి లోపలికి వచ్చేస్తుంది. ఊరికే కూర్చుని ఉన్నప్పుడు వదలడానికి ప్రత్యేకంగా కష్టపడక్కర్లేదు, కండరాలు సడలితే చాలు. ఇలాంటి కండరపు ఉదరవితానం క్షీరదాలకే ఉంది. కప్పకి లేదు. అందుకే అది నోటి అడుగుభాగాన్ని ఆడిస్తూ గాలిని లోపలికి నెడుతుంది. వానాకాలంలో కప్ప గొంతు అదేపనిగా కదులుతూ ఉండటం నువ్వు చూసే ఉంటావు.

మామూలుగా ఒకసారి పీలిస్తే పెద్దవాళ్లకి లోపలికి వెళ్లేది 500 మిల్లీలీటర్ల గాలి. అందులో దాదాపు 150 మిల్లీలీటర్లు ముక్కు, వాయునాళం, శ్వాసనాళాల్లోనే ఆగిపోతుంది, రక్తం దాకా పోదు. మిగిలిన 350 మాత్రమే ఊపిరితిత్తుల లోపల ఉండే చిన్న చిన్న గాలి సంచులకు, అంటే వాయుగోణులకు, చేరుతుంది. అక్కడ అప్పటికే రెండు లీటర్ల పైన పాత గాలి ఉంటుంది. ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తులు ఎప్పుడూ ఖాళీ కావు. కొత్తగాలి ఆ పాతగాలిలో కొంచెం కొంచెం కలుస్తూ ఉంటుంది, అంతే. ఈ ఏర్పాటు వల్ల వాయుగోణుల్లో వాయువులు ఒక్కో ఊపిరికీ ఎగిరిపడకుండా దాదాపు నిలకడగా ఉంటాయి. బయటి గాలిలో ఆక్సిజన్ పాక్షిక పీడనం, అంటే గాలి మొత్తం ఒత్తిడిలో ఆక్సిజన్ వంతు, 159 మిల్లీమీటర్ల పాదరసం అయితే వాయుగోణుల్లో 104. కార్బన్ డయాక్సైడ్ బయట 0.3, లోపల 40. ఈ అంకెలు నీ పాఠంలోనూ ఉంటాయి. ఆ 40 అన్నదాన్ని మాత్రం గుర్తుంచుకో, మళ్లీ దాని దగ్గరికే వస్తాం.

వాయుగోణులు 30 కోట్లకు పైగా ఉంటాయి. అన్నిటినీ విప్పి పరిస్తే 70 చదరపు మీటర్లు దాటుతుంది. వాటి గోడకీ, వాటిని చుట్టుకుని ఉండే అతిసన్నని రక్తనాళం (రక్తకేశనాళిక) గోడకీ కలిపి మందం మైక్రాన్‌లో సగం ఉంటుంది, అంటే మిల్లీమీటర్‌ని రెండు వేల భాగాలు చేస్తే అందులో ఒకటి. ఇక్కడ ఆక్సిజన్‌ని ఎవరూ పట్టుకుని మోయరు, పంపు పెట్టి తోయరు. కాలువలో మట్టం ఎక్కువగా ఉండి చేలో తక్కువగా ఉంటే, తూము తెరవగానే నీళ్లు చేలోకి ఎలా పోతాయో, వాయువులూ ఎక్కువ పీడనం ఉన్నచోటు నుంచి తక్కువ ఉన్నచోటికి అలాగే పోతాయి. ఊపిరితిత్తులకి వచ్చే రక్తంలో ఆక్సిజన్ పీడనం 40, వాయుగోణిలో 104. కాబట్టి ఆక్సిజన్ రక్తంలోకి దిగుతుంది. కార్బన్ డయాక్సైడ్ రక్తంలో 45, వాయుగోణిలో 40. తేడా అయిదే అయినా అది ఆక్సిజన్ కన్నా ఇరవై రెట్లకు పైగా తేలిగ్గా కరుగుతుంది కాబట్టి బయటికి వచ్చేస్తుంది. ఎర్ర రక్తకణం ఆ కేశనాళికలో ఉండేది ముప్పావు సెకను. అందులో మూడో వంతు సమయానికే ఆక్సిజన్ ఎక్కడం పూర్తవుతుంది. మిగతాది వెసులుబాటు. పరిగెత్తేటప్పుడు రక్తం వేగం పెరిగినా ఆక్సిజన్ అందేది ఆ వెసులుబాటు వల్లే.

ఇక నీ లెక్క దగ్గరికి వద్దాం. గబగబా పీలిస్తే ఆక్సిజన్ నిండుతుందని నువ్వు అంటున్నావు. కోవిడ్ రోజుల్లో ఇంటింటా వేలికి పెట్టుకున్న ఆక్సీమీటర్ గుర్తుందా? ఆరోగ్యంగా ఉన్న మనిషి ఊరికే కూర్చుని మామూలుగా ఊపిరి తీస్తున్నా అందులో 97, 98 చూపిస్తుంది. అంటే రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హీమోగ్లోబిన్ అప్పటికే దాదాపు నిండి ఉంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 20 మిల్లీలీటర్ల దాకా ఆక్సిజన్ ఉంటే, అందులో 97 శాతం హీమోగ్లోబిన్ మీద ఉన్నదే. 98ని 100 చేస్తే వచ్చేదెంత? ఊపిరితిత్తుల్లో ఉన్న గాలిలో ఆక్సిజన్ కొంత పెరిగే మాట నిజమే. కానీ కాళ్లూ చేతులూ ఆడిస్తూ నీళ్లలో ఉన్న ఒంటికి ఆ పెరిగినది కొన్ని సెకన్లకు మాత్రమే సరిపోతుంది.

మరి ముప్పై సార్లు పీల్చి వదిలితే నిజంగా మారేదేంటి? కార్బన్ డయాక్సైడ్. ఒళ్లు దాన్ని తయారు చేసే వేగం కన్నా నువ్వు బయటికి తోసే వేగం ఎక్కువైపోతుంది. ఆ 40 కాస్తా 30కి, 20 దగ్గరికి పడిపోతుంది. కార్బన్ డయాక్సైడ్‌లో 70 శాతం రక్తంలో బైకార్బొనేట్ రూపంలో తిరుగుతుంది కాబట్టి, అది తగ్గితే రక్తం క్షారగుణం వైపు జరుగుతుంది. దాంతో రక్తంలో పనికొచ్చే కాల్షియం అయాన్లు తగ్గి, నరాలు ఊరికే ఉలిక్కిపడుతుంటాయి. నీ వేళ్లు, పెదవుల చుట్టూ జివ్వుమనేది అందుకే. కార్బన్ డయాక్సైడ్ తగ్గగానే మెదడులోని రక్తనాళాలు సన్నబడతాయి, మెదడుకి వెళ్లే రక్తం తగ్గుతుంది. నీకు తల తేలిపోయినట్టు ఉండేది అందుకు. పైగా అలాంటప్పుడు హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని మరింత గట్టిగా పట్టుకుంటుంది, కణాల దగ్గర అంత తేలిగ్గా వదలదు. నువ్వు ఆక్సిజన్ నిండిందనుకుంటున్న ఆ క్షణానే నీ మెదడుకి మామూలు కన్నా తక్కువ అందుతోంది బాబూ. గెలుపుకి గుర్తు అనుకుని నువ్వు ఎదురుచూస్తున్నది ఆగమని ఒళ్లు చెబుతున్న మాట.

ఇంతవరకే అయితే గట్టు మీద తల తిరిగి కూర్చుండిపోయేవాడివి, అంతే. నీళ్లలో దీనికి తోడయ్యే సంగతి ఇంకోటి ఉంది. నేను నీకు చెప్పాలనుకున్న అసలు విషయం అదే.

ఊపిరి బిగబట్టినప్పుడు కాసేపటికి ఛాతీలో బిగువు, "ఇక చాలు, పీల్చు" అనే తపన వస్తాయి కదా. అవి ఆక్సిజన్ తగ్గినందుకు వస్తాయని దాదాపు అందరూ అనుకుంటారు. కాదు. కార్బన్ డయాక్సైడ్ పెరిగినందుకు వస్తాయి. మెదడు అడుగున ఉన్న మజ్జాముఖం దగ్గర, చుట్టూ ఉన్న ద్రవంలో కార్బన్ డయాక్సైడ్ వల్ల పెరిగే ఆమ్లగుణాన్ని పసిగట్టే కణాలున్నాయి. మనల్ని రోజంతా, నిద్రలో కూడా, ఊపిరి తీయిస్తున్నవి ముఖ్యంగా అవే. ఆక్సిజన్‌ని కనిపెట్టే కణాలు మెడలో కెరోటిడ్ ధమనుల దగ్గర, గుండె పైన మహాధమని దగ్గర ఉన్నాయి. కానీ రక్తంలో ఆక్సిజన్ పీడనం మామూలుగా ఉండే 95 నుంచి 60 కన్నా కిందికి పడితే తప్ప అవి గట్టిగా స్పందించవు. కార్బన్ డయాక్సైడ్ బాగా తక్కువగా ఉంటే ఆ స్పందనలో కూడా బలం ఉండదు.

ఈ సంగతిని 1905లో జాన్ స్కాట్ హాల్డేన్, ప్రీస్ట్లీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రయోగాలతో చూపించారు. వాయుగోణుల్లో కార్బన్ డయాక్సైడ్ రవ్వంత పెరిగినా ఊపిరి ఎంతో పెరుగుతుందని తేల్చారు. హాల్డేన్ గనుల్లోని విషవాయువుల మీద జీవితమంతా పనిచేసినవాడు. తన కొడుకు జె.బి.ఎస్. హాల్డేన్‌ని చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే గనిలోకి తీసుకెళ్లి, మీథేన్ పేరుకున్న చోట నిలబెట్టి ఒక ప్రసంగం అప్పజెప్పమన్నాడట. కాసేపటికి పిల్లాడు కాళ్లు సడలి కింద పడ్డాడు. మీథేన్ తేలికది కాబట్టి నేల దగ్గర గాలి బాగానే ఉంది, అందుకే ఏమీ కాలేదు. ఆ పిల్లాడు పెద్ద శాస్త్రవేత్త అయ్యాడు, జలాంతర్గాముల్లో చిక్కుకున్నవాళ్లు ఎలా బతకగలరో తెలుసుకోవడానికి తన ఒంటి మీదే ప్రయోగాలు చేసుకున్నాడు, 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడ్డాడు. 1964లో భువనేశ్వర్‌లో చనిపోతూ తన దేహాన్ని మన కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకి రాసిచ్చాడు. ఊపిరి గురించి ఇంత శ్రమపడిన కుటుంబానికి మన గోదావరి ప్రాంతంతో ఇలాంటి సంబంధం ఉందని మన పిల్లలకి తెలియాలని నాకెప్పుడూ అనిపిస్తుంది. నువ్వు వైద్యం చదివితే ఆ కాలేజీలోనే చేరొచ్చు కూడా.

చేపల సంగతి చూడు, తేడా ఇంకా బాగా తెలుస్తుంది. భీమవరం, ఆకివీడు వైపు చెరువుల మీద తెల్లవారుజామున రైతులు టార్చిలైటు వేసుకుని తిరిగేది ఎందుకో తెలుసు కదా. రాత్రంతా నీళ్లలోని నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది, పొద్దు పొడవకముందు డీవో, అంటే నీళ్లలో కరిగి ఉన్న ఆక్సిజన్, అన్నిటికన్నా తక్కువకి పడిపోతుంది. శీలావతి, బొచ్చె పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. వెంటనే ఏరియేటర్లు వేయాలి. అంటే చేపకి ఆక్సిజన్ తగ్గడం నేరుగా తెలుస్తుంది. నీళ్లలో ఆక్సిజన్ ఎప్పుడూ తక్కువే కాబట్టి మొప్పలతో బతికే చేప ప్రధానంగా దాన్నే కనిపెట్టుకుని ఉంటుంది. గాలి పీల్చే మనకి చుట్టూ 21 శాతం ఆక్సిజన్ ఎప్పుడూ ఉంటుంది. బయట లోటు లేదు కాబట్టి, మన ఒళ్లు లోపల పేరుకునే కార్బన్ డయాక్సైడ్‌ని కనిపెట్టుకుని ఉంటుంది. నేల మీద బతికేవాళ్లకి ఈ ఏర్పాటు చక్కగా సరిపోతుంది. నువ్వు ఆ కార్బన్ డయాక్సైడ్‌ని ముందే ఊడ్చేసి నీళ్లలోకి దిగితే మాత్రం సరిపోదు.

ఇప్పుడు పందెంలో ఏం జరుగుతుందో వరసగా చూడు. మామూలుగా మునిగితే కార్బన్ డయాక్సైడ్ 40 దగ్గర మొదలై, ఇంకాస్త పెరగగానే తపన మొదలవుతుంది. ఆక్సిజన్ ఇంకా సరిపడా ఉండగానే నువ్వు పైకి వచ్చేస్తావు. ముప్పై సార్లు పీల్చి వదిలి మునిగితే 20 దగ్గర మొదలవుతుంది. అది పెరిగి పెరిగి తపన పుట్టే చోటికి రావడానికి చాలాసేపు పడుతుంది. అందుకే నీకు ఎక్కువసేపు ఉండగలుగుతున్నట్టు అనిపిస్తుంది. ఆ సేపంతా ఆక్సిజన్ మాత్రం ఎప్పటిలాగే, ఈదితే ఇంకా వేగంగా, తగ్గిపోతూనే ఉంటుంది. తపన రాకముందే మెదడుకి చాలనంతగా తగ్గిపోతుంది. స్పృహ పోతుంది. గింజుకోవడం ఉండదు, చేతులు కొట్టడం ఉండదు. కొందరికి ఆ చివరి క్షణాల్లో హాయిగా కూడా ఉంటుంది. స్పృహ పోయాక ఒళ్లు తనంతట తాను ఊపిరి పీలుస్తుంది. అప్పుడు లోపలికి వచ్చేది నీళ్లే.

1961లో ఆల్బర్ట్ క్రెయిగ్ అనే వైద్యుడు ఇలా నీళ్లలో స్పృహ తప్పినవాళ్ల గురించి రాశారు. అప్పటి నుంచి ఈతలో శిక్షణ ఇచ్చేవాళ్లంతా చెబుతున్న మాట ఒక్కటే, మునిగే ముందు గబగబా ఊపిరి తీయొద్దని. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది గట్టు మీద ఉన్న స్నేహితుల పరిస్థితి. వాళ్లకి నువ్వు పందెం గెలుస్తున్నట్టే కనిపిస్తావు. లెక్కపెడుతూ, ఈలలేస్తూ ఉంటారు. వాళ్లకి అనుమానం వచ్చేసరికి కాలువ నీ ఒంటిని ఎక్కడికి ఈడ్చుకెళ్లిందో తెలియదు. మన కాలువ నీళ్లలో మూరెడు లోతున ఉన్నది కూడా కనపడదు, నీకు తెలుసు.

ఈ మాట నీళ్లకే కాదు, ఇంకోచోటికీ వర్తిస్తుంది. పాడుబడ్డ బావి, సెప్టిక్ ట్యాంకు, చాలాకాలం మూసి ఉంచిన తొట్టి, ఇలాంటి వాటిలో ఆక్సిజన్ లేని గాలి ఉండొచ్చు. అక్కడ మనిషి ఊపిరి తీస్తూనే ఉంటాడు, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతూనే ఉంటుంది కాబట్టి ఊపిరాడనట్టు అనిపించకుండానే పడిపోవచ్చు. ప్రాణం తీసే వాయువులు కూడా ఉండొచ్చు. పైనున్నవాళ్లు కంగారుగా ఒకరి వెనక ఒకరు దిగి ఒకే చోట ముగ్గురు నలుగురు పోవడానికి కారణం ఇదే. అలాంటిచోట ఎవరు పడిపోయినా దిగొద్దు, ఫైర్ సిబ్బందిని పిలవండి.

ఇక నీ నీటికుక్కలు, డాల్ఫిన్లు. కోరింగ మడ అడవుల్లో నీటికుక్కలు ఉన్నాయి, పడవ మీద వెళ్తే ఒక్కోసారి గుంపుగా కనిపిస్తాయి. అవి గొప్పగా ఈదుతాయి గానీ కాసేపు వేటాడి మళ్లీ గాలికి పైకి రావాల్సిందే. డాల్ఫిన్ సంగతి వేరు, దాని ఒళ్లే వేరు. మనం మామూలుగా ఒకసారి ఊపిరి తీస్తే ఊపిరితిత్తుల్లో మారేది పది పదిహేను శాతం గాలి. డాల్ఫిన్ ఒక్క ఊపిరితో 80 శాతం దాకా మార్చేయగలదు. సముద్రంలో లోతుకి మునిగే క్షీరదాల కండరాల్లో ఆక్సిజన్‌ని దాచిపెట్టే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ ఎంత ఎక్కువంటే వాటి మాంసం నల్లగా కనిపిస్తుంది. ఒంటి బరువుతో పోలిస్తే రక్తం కూడా ఎక్కువే. అవి ఆక్సిజన్‌ని దాచుకునేది ముఖ్యంగా రక్తంలో, కండరాల్లో. అంటార్కిటికా దగ్గరి వెడెల్ సీల్ అయితే మునిగే ముందు గాలి వదిలేసి మరీ మునుగుతుంది. నీటిలో ఉండగా గుండె వేగం తగ్గించుకుంటాయి, మెదడుకీ గుండెకీ తప్ప మిగతా ఒంటికి రక్తం కట్టడి చేస్తాయి. క్యూవియర్ తిమింగలం అనేది 3 గంటల 42 నిమిషాలు నీళ్లలో ఉన్నట్టు 2020లో ప్రకటించారు. కొన్ని కోట్ల సంవత్సరాలు నీళ్లలో బతికితే వచ్చిన ఒళ్లు అది. వాటిలో ఒక్కటీ ముప్పై సార్లు రొప్పడం వల్ల అంతసేపు ఉండగలగడం లేదు. నువ్వు పోల్చుకోవాల్సిన క్షీరదం మీ కాలువలోనే ఉంది. ఎండాకాలం గేదె నీళ్లలో పడుకుంటుంది, ముక్కు మాత్రం నీటికి పైన పెట్టుకుంటుంది. చెమట గ్రంథులు తక్కువ కాబట్టి ఒళ్లు చల్లబరుచుకోవడానికి దిగుతుంది, ఊపిరితో పందెం కాయడానికి కాదు.

నువ్వు ఈదు, దూకు, ఆడుకో. మునగాలంటే మామూలుగా ఊపిరి తీస్తూ ఉండి, ఒక్కసారి నిండుగా పీల్చి మునుగు. పీల్చాలనిపించిన మొదటి క్షణమే పైకి రా. ఎవరు ఎక్కువసేపు ఉంటారనే పందెం నీళ్లలో వద్దే వద్దు. నీ స్నేహితులకి కూడా నువ్వే చెప్పాలి, బైపీసీ చదివేవాడు చెబితే వింటారు.

అమ్మా, మళ్లీ మీతో. వాణ్ణి నలుగురిలో తిట్టి రేవు నుంచి లాక్కురావడం వల్ల లాభం లేదు. ఆ వయసు పిల్లలు మనకి తెలియని చోటికి, ఇంకా లోతుకి పోతారు. మీరు పట్టుబట్టాల్సినవి కొన్నే. ఒంటరిగా ఈతకి వెళ్లకూడదు. ఒకడు తప్పనిసరిగా గట్టు మీద ఉండి నీళ్లలో ఉన్నవాళ్లనే చూస్తూ ఉండాలి, వాడి చేతిలో ఫోను ఉండకూడదు. లాకుల దగ్గర, తూముల దగ్గర అడుగున లాగే నీటి బలం పైకి కనపడదు, అక్కడ దిగకూడదు. వంతెన మీద నుంచి దూకకూడదు. రేవులో ఒక పొడుగాటి వెదురు గెడ, తాడు కట్టిన ఖాళీ ప్లాస్టిక్ క్యాన్ ఉంచమని ఊళ్లో నలుగురితో అనండి. మునిగిపోతున్నవాణ్ణి కాపాడటానికి నీళ్లలోకి దూకడం కన్నా అవి అందించడం మేలు. మీ చిన్నతనంలో పిల్లలు కొబ్బరికాయల జత నడుముకి కట్టుకుని ఈత నేర్చుకోవడం చూసే ఉంటారు. తేలే వస్తువు దగ్గర ఉంచుకోవడం మన ఊళ్లకి కొత్తేం కాదు.

ఒకవేళ ఎవరినైనా నీళ్లలోంచి తీస్తే ఏం చేయాలో కూడా ఇంట్లో అందరూ తెలుసుకోండి. తలకిందులుగా ఎత్తి తిప్పడం, పొట్ట మీద నొక్కి నీళ్లు కక్కించడం చేయొద్దు. దానివల్ల పొట్టలోది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, విలువైన నిమిషాలు పోతాయి. మెదడు ఆక్సిజన్ లేకుండా తట్టుకోగలిగేది నాలుగైదు నిమిషాలే. పిలిస్తే పలకక, ఊపిరి లేకపోతే ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు వెల్లకిలా పడుకోబెట్టి, తల కొంచెం వెనక్కి వంచి గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఛాతీ లేచేలా అయిదుసార్లు ఊపిరి ఊదాలి. తర్వాత ఛాతీ మధ్య రెండు చేతులతో 30 సార్లు, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో, రెండంగుళాల లోతు దిగేలా నొక్కాలి. మళ్లీ రెండుసార్లు ఊదాలి. సాయం వచ్చేదాకా ఇదే చేయాలి. మనం వదిలిన గాలి పనికొస్తుందా అని కొందరికి అనుమానం. మనం పీల్చే గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఉంటే వదిలే గాలిలో ఇంకా 16 శాతం ఉంటుంది. ప్రాణం నిలబెట్టడానికి అది చాలు.

నీళ్లు తాగి స్పృహ తప్పినవాడు లేచి కూర్చుని "నాకేం కాలేదు" అన్నా సరే, ఆస్పత్రికి తీసుకెళ్లాలి. వాయుగోణుల లోపలి గోడకి ఒక పల్చని జారుడు పొర ఉంటుంది, అవి ముడుచుకుపోకుండా కాపాడేది అదే. నీళ్లు దాన్ని పాడుచేస్తాయి. కొందరికి కొన్ని గంటల తర్వాత దగ్గు, ఆయాసం పెరుగుతాయి. ఆ కొన్ని గంటలూ డాక్టర్ల కళ్ల ముందు ఉండటం మంచిది.

చివరగా మీరు అడిగిన ఆయాసం సంగతి. చిన్నప్పటి ఉబ్బసం ఇప్పుడు అదుపులో ఉంటే ఈతకి అడ్డం లేదు, పైగా మంచి వ్యాయామం. ఉబ్బసంలో సన్నని శ్వాసనాళికలు బిగుసుకుని, పీల్చిన గాలి బయటికి రావడం కష్టమవుతుంది. ఛాతీలో పిల్లికూతలు వినిపించేది అప్పుడే. ఊపిరి బిగబట్టే పందెం అలాంటివాడికి ఇంకా వద్దు. వరి నూర్పిళ్ల ధూళి, గడ్డి తగలబెట్టే పొగ ఉండే రోజుల్లో రాత్రిపూట దగ్గు, తెల్లవారుజామున ఆయాసం కనిపిస్తున్నాయేమో గమనించండి. కనిపిస్తే ఒకసారి ఛాతీ డాక్టర్‌కి చూపించండి. ఇన్‌హేలర్ వాడమంటే భయపడొద్దు, మందు నేరుగా శ్వాసనాళికలకే చేరుతుంది కాబట్టి చాలా తక్కువ మోతాదు సరిపోతుంది. ఈతకి వెళ్లేటప్పుడు అది ఇంట్లో అలమారాలో కాదు, రేవులో గట్టు మీద కూర్చున్న స్నేహితుడి జేబులో ఉండాలి, ఎలా వాడాలో ఆ అబ్బాయికి కూడా తెలిసి ఉండాలి.